ఒకే పెట్టెలో నాలుగు పొయ్యిలు

రాసుకో పాపా. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. నా కుళ్ళు సంగతి వచ్చిన చోట జేజి పరువు పోతుందని దాటేసి పోవద్దు. ఆ కుళ్ళు లేకపోతే ఇందులో చెప్పడానికి ఏమీ లేదు.

ఆ పెట్టె నా గదిలోకి వచ్చిన రోజు నుంచి మొదలుపెడతాను. కడప ఎండలు వచ్చేశాయి. మధ్యాహ్నమైతే వాకిట్లో బండల మీద అరికాలు పెట్టలేం. ఇంట్లో కాస్త చల్లగా ఉండేది నా గది ఒక్కటే. నువ్వు ఎవరో వాడి పక్కన పడేసిన నల్లటి కంప్యూటరు పెట్టెను ఆటోలో వేసుకొని తెచ్చావు. నా రేకు ట్రంకును మంచం కిందికి తోసి, ఆ చోట దాన్ని కూర్చోబెట్టావు. అంతటితో ఊరుకున్నావా? నా మొహానికి తిరిగి ఉన్న స్టాండు ఫ్యానును దాని మొహానికి తిప్పావు.

"అదేంది పాపా, నాకు గాలి?" అన్నాను.

"అది వేడెక్కితే ఆగిపోతాది జేజీ."

"నేను వేడెక్కితే?"

"నువ్వు ఆగేదానివా!" అని నవ్వుకుంటూ పోయావు.

నా కొడుకు కూతురివి, నా ఒళ్ళో పెరిగినదానివి. ఇంట్లోనే కూర్చొని ఆఫీసు పని చేసుకుంటూ, గంటకోసారి నా గదిలోకి వచ్చి ఒక మాట మాట్లాడి పోయేదానివి. ఇప్పుడు గంటకోసారి వచ్చి దాన్ని పలకరించి పోతున్నావు. మెత్తటి గుడ్డతో దుమ్ము తుడుస్తావు. చెవి ఆనించి దాని లోపల గాలి తిరుగుతోందో లేదో వింటావు. నాకు ఆయాసం వచ్చిన రోజు కూడా అంత శ్రద్ధగా చెవి పెట్టలేదు నువ్వు. నేను మాత్రం ఆ పెట్టెను సవతిని చూసినట్టు చూస్తూ కూర్చున్నాను.

సరే, అది ఏమిటో తెలుసుకుందామని ఒక సాయంత్రం నేనే అడిగాను. నీకు చెప్పే ఓపిక ఉంది, అది ఒప్పుకోవాలి. నేల మీద చక్కలముక్కలం వేసుకొని కూర్చొని చెప్పావు.

"ఇది సామాను దాచే కొట్టు జేజీ. ఫోటోలు, పాటలు, కాగితాలు, ఏదైనా ఇందులో పడేస్తే ఉంటాది. పెద్ద పెద్ద ఆఫీసుల్లో అయితే ఇట్లాంటి మిషన్లు శానా ఉంటాయి. అన్నీ కలిసి ఒకే కొట్టు మాదిరి పని చేస్తాయి. నా దగ్గర ఉండేది ఒక్కటే మిషను. అందుకని దీని లోపల నాలుగు కంటైనర్లు పెట్టినా. ఒక్కోటీ నేను వేరే మిషను అనుకుంటాది."

"ఒకే పెట్టె. దాంట్లో నాలుగు. నాలుగూ ఎవరికి వాళ్ళు మాది వేరే ఇల్లు అనుకుంటాయి. అంతే కదా?"

"అంతే!"

నాకు నవ్వొచ్చింది. ఇది కంప్యూటరు వాళ్ళు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. కోసిగి దగ్గర మా అత్తగారిల్లు అచ్చం ఇట్లాగే ఉండేది. మా మామ, ఆయన అన్నదమ్ములు వేరుపడ్డారు, ఇల్లు పంచుకునే తాహతు లేదు. ఒకే కప్పు కింద నాలుగు పొయ్యిలు. ఎవరి పొయ్యి వాళ్ళది, ఎవరి కడవ వాళ్ళది. ఆ మూల పొగ ఈ మూల కళ్ళలోకి వచ్చేది గానీ, అడిగితే మాత్రం "మాది వేరే కాపురం" అని చెప్పేవాళ్ళం. అది చెబితే నువ్వు చప్పట్లు కొట్టి, ఆ రోజు నుంచి వాటిని పొయ్యిలనే పిలవడం మొదలుపెట్టావు. మీ ఆఫీసులో ఎవరో ఫోనులో ఉంటే కూడా "మూడో పొయ్యి లేవడం లేదు" అన్నావు. అవతలి వాళ్ళు ఏమనుకున్నారో.

ఇంకో సంగతి కూడా అప్పుడే చెప్పావు. ఒక పాటను లోపల పెడితే అది అట్లాగే ముద్దగా ఒక పొయ్యి దగ్గర ఉండదు. ముక్కలవుతుంది. నాలుగు చోట్లా తలా ఒక ముక్క. ఆ ముక్కలు ఎట్లా లెక్కగట్టి చేస్తారంటే, ఏ రెండు పొయ్యిలు ఆరిపోయినా మిగిలిన రెండింటి దగ్గరి ముక్కలు కలిపి పాటంతా తిరిగి అల్లుకోవచ్చు.

"వినేదానికి రెండు పొయ్యిలు చాలు జేజీ. కొత్తది లోపల పెట్టాలంటే మాత్రం మూడు వెలగాల."

"ఇల్లే అంటుకుంటే?"

"ఇల్లే అంటుకుంటే నాలుగూ పోతాయి. అందుకే ఇది నేర్చుకునేదానికి పెట్టుకున్నది. ముఖ్యమైనవి ఇంకో నకలు మా మేనత్త వాళ్ళింట్లో డిస్కులో పెడతాండా."

తెలివైనదానివే. మూడు వెలగాలన్న మాట నాకు ఆ రోజు అంత ముఖ్యం అనిపించలేదు. ఎందుకంటే లోపల పెట్టడానికి నాదంటూ అప్పటికి ఏమీ లేదు.

ఇక నా యారాలి సంగతికి వస్తాను. బయటి వాళ్ళు చదివితే యారాలంటే తెలియకపోవచ్చు. నా మరిది భార్య, నా తోడికోడలు. ఇంటికి నేను పెద్దకోడలిని, ఆమె నా తర్వాత వచ్చింది. ఇప్పుడు ఆత్మకూరులో కూతురి దగ్గర ఉంటోంది. ఆమెకు జ్వరమొస్తే చూసి రమ్మని నిన్ను పంపించింది ఎవరు? నేనే. నా చేత్తో బొరుగుల ఉండలు కట్టి ఇచ్చి పంపాను. నువ్వు ఏం చేశావు? ఆమె పక్కన రెండు రోజులు కూర్చొని, ఆమె చేత పాటలు పాడించి, ఫోనులో పట్టుకొని వచ్చావు. వచ్చీ రాగానే కాళ్ళు కూడా కడుక్కోకుండా పెట్టెలో పెట్టావు. ఆ పెట్టెలోకి వెళ్ళిన మొట్టమొదటి గొంతు నా యారాలిది.

ఇంట్లో పెద్దకోడలు బతికి ఉండగా, అదే గదిలో మంచం మీద కూర్చొని ఉండగా.

"విను జేజీ, చిన్నజేజి ఎంత బాగా పాడిందో" అని వినిపించావు. నిజమే, బాగానే పాడింది. ఆమె గొంతు ఎప్పుడూ బాగుండేది. మా పెళ్ళిళ్ళయిన కొత్తలో నాకు ఆమె మీద ఉన్న కడుపుమంటలో సగం ఆ గొంతు వల్లే. మిగతా సగం జుట్టు వల్ల. జుట్టు సంగతి కాలం చూసుకుంది. గొంతు మాత్రం అట్లాగే ఉండిపోయింది.

ఆమె పాడిన వాటిలో మా అత్త పాట ఒకటి ఉంది. దాని గురించి చెప్పాలి. వానలు లేని ఏడు ఊరు విడిచి పనికి పోవడాన్ని మా పక్క సుగ్గికి పోవడం అంటారు. మేం అత్తాకోడళ్ళం గుంటూరు పక్క పత్తి చేలకు పోయేవాళ్ళం. తెల్లారేసరికి సాళ్ళలో నిలబడాలి. వంగి ఏరడం మొదలుపెట్టే ముందు అత్త తన సంచిలోంచి ఒక తమలపాకు తీసి సగానికి చించి, అందులో వక్క ముక్క పెట్టి, ఒకరి చేతికి ఇచ్చి "ఎత్తుకోమ్మా" అనేది. ఆకు అందుకున్న మనిషే ఆ రోజు పాట ఎత్తాలి. మిగతా వాళ్ళు వెనక అందుకుంటారు. ఆకు తీసుకోకుండా పాట ఎత్తితే దాన్ని నోటిదూల అనేవాళ్ళు. అత్త ఉన్నన్నాళ్ళూ ఆ ఆకు నా చేతికే వచ్చింది. యారాలికి ఒక్కసారి కూడా ఇవ్వలేదు.

పాట అత్త కట్టిందే. చివర్లో ఇద్దరు కోడళ్ళకు తలా ఒక చరణం ఉంటుంది. యారాలిది ఇట్లా ఉంటుంది:

చిన్నకోడలు సాలులోన చిలక వాలినాదే
చిలక చెప్పే కబురు వింటూ చెయ్యి నిలిచినాదే

నాది ఇట్లా:

పెద్దకోడలు ఏరిన సాలు దువ్విన తల తీరే
కాకి వచ్చి ఎతికినా గాని దూది పోగు లేదే

చూశావా? ఆమెకు చిలక, నాకు కాకి. అప్పట్నుంచీ నాకు ఆ బాధ ఉండనే ఉంది. అయినా నాది నాకు ఒకటి ఉంది కదా అని సర్దుకున్నాను. సాలు మొత్తం దువ్విన తలలాగా శుభ్రంగా ఏరానని అత్త నోటితో అన్నది. నా జీవితంలో నా పని చూసి ఎవరైనా మెచ్చుకున్నది అంటే అదే.

నువ్వు వినిపించిన పాటలో చిలక చరణం వచ్చింది. నా చరణం కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. రాలేదు. చిలక తర్వాత పాట అయిపోయింది, వెనకాల ఎవరో పిల్ల దగ్గింది, అంతే.

"ఇంకేమీ లేదా పాపా?"

"అంతే జేజీ. అంతవరకే పాడింది."

ఆ రాత్రి అన్నం సహించలేదు. అత్త లేదు, ఆ సాళ్ళలో మాతో వంగిన ఆడవాళ్ళలో ఎవరు మిగిలారో తెలియదు. ఆ పాట ఇక ఎక్కడ ఉంటుంది? నా మంచం పక్కన, నా ఫ్యాను గాలి తాగుతూ, ఆ పెట్టెలో ఉంటుంది. అందులో చిలక ఉంది, నేను లేను. రేపు నీ పిల్లలు వింటే మా అత్తకు ఒకే కోడలు అనుకుంటారు.

నువ్వు అడగలేదని కాదు. "నువ్వు కూడా పాడరాదా జేజీ" అన్నావు. ఎట్లా అన్నావు? కళ్ళు తెర మీద పెట్టి, టీ తాగుతూ, ఇంటికొచ్చిన వాళ్ళను కాఫీ ఇమ్మంటారా అని అడిగినట్టు. నాకు ఆకు ఇచ్చి అడిగే అత్త చేతి కింద పాడినదాన్ని నేను. "చూద్దాంలే" అన్నాను. నువ్వు మళ్ళీ అడగాలని నా ఉద్దేశం. నువ్వు "సరే" అని నీ పని చూసుకున్నావు.

అప్పటికే నా గొంతు దగ్గర గడ్డ పెరిగి మింగుడు కష్టంగా ఉంది. కర్నూలులో డాక్టరమ్మ చూసి, తీసెయ్యాలి అంది. సోమవారం రమ్మంది. వచ్చేసే ముందు మీ నాన్న "మాట బాగానే వస్తుంది కదమ్మా?" అని అడిగితే, "మాటకు భయం లేదు. గొంతు కొంచెం మారొచ్చు, కొందరికి మామూలవుతుంది, కొందరికి బొంగురుగా ఉండిపోతుంది" అంది. బస్సులో వస్తూ దారంతా నాకు ఒకటే ఆలోచన. సోమవారం లోపల పాడితే పాడినట్టు. లేకపోతే కాకి చరణం నాతోనే బొంగురుపోతుంది.

అయినా అడిగానా? అడగలేదు. నా కూతురి వయసున్న డాక్టరమ్మకు మెడ అప్పజెప్పడానికి ఒప్పుకున్నాను గానీ, మనవరాలిని "నా పాట కూడా పట్టుకో" అని అడగడానికి నోరు రాలేదు.

శనివారం పొద్దున నువ్వు మంచి హుషారు మీద ఉన్నావు. "జేజీ, నీకొక తమాషా చూపిస్తా రా" అని నన్ను తెర ముందు కూర్చోబెట్టావు. నాలుగు పేర్లు వరసగా ఉన్నాయి, నాలుగింటి పక్కనా పచ్చ చుక్కలు. చిన్నజేజి పాట పెట్టావు. "ఇప్పుడు నీకు నచ్చిన పొయ్యి ఆర్పు" అన్నావు.

"ఆమె పాట ఏ పొయ్యి మీద ఉండాదో చెప్పు, దాన్నే ఆర్పుతా."

"అన్నిటి మీదా ఉండాది జేజీ!"

"చెప్పు, చెప్పు. నాకు తెల్దనుకుంటాండావా."

రెండోదాని మీద నొక్కాను. పచ్చ చుక్క ఎర్రగా మారింది. పాట మళ్ళీ మొదటి నుంచి పెట్టావు. చిలక వచ్చి వాలింది, ఏమీ కానట్టు. నాలుగోదాన్ని కూడా ఆర్పాను. రెండు ఎర్ర చుక్కలు. మళ్ళీ పెట్టావు. మళ్ళీ చిలక. ఒక్క అక్షరం తొణకలేదు, గొంతులో జీర కూడా రాలేదు.

"ఇంకొకటి ఆర్పనియ్యి."

"మూడు ఆర్పితే రాదు జేజీ."

"అందుకే ఆర్పనియ్యమంటాండా."

నువ్వు పడీపడీ నవ్వావు. "చిన్నజేజి మీద నీకు ఎంత కోపమే!" అన్నావు. అంతలో ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. కింద సరిగ్గా వినపడదని, ఫోను చెవికి పెట్టుకొని మిద్దె మీదికి పరుగెత్తావు. తెర అట్లాగే ఉంది, రెండు ఎర్ర చుక్కలతో.

మీ అమ్మ బజారుకు పోయింది. మీ నాన్న పనికి పోయాడు. ఇంట్లో ఆ పెట్టె, నేను. దాని ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తెర మీద ఇంకో పక్క, పాటలు పట్టడానికి నువ్వు చేసిన పేజీ తెరిచే ఉంది. ఇంకేవైనా పాటలుంటే పంపమని చిన్నజేజి కూతురికి ఫోనులో ఎట్లా చెప్పావో నేను విన్నాను కదా. ఎర్ర గుండ్రం నొక్కి పాడాలి, అయిపోయాక పచ్చది నొక్కితే పెట్టెలోకి పోతుంది. నన్ను ఎవరూ అడగలేదు, ఆకూ ఇవ్వలేదు. అయితే చూసేవాళ్ళు కూడా లేరు. తలుపు దగ్గరికి వేసి వచ్చి, ఎర్ర గుండ్రం నొక్కి ఎత్తుకున్నాను.

వంగి ఏరవే వదినా పత్తి ఎండ ఎక్కకముందే
ఏరిన పత్తికి ఒడి చాలదు ఎండ ఎక్కకముందే

ముందు వరసా నేనే, వెనక వరసా నేనే. గడ్డ అడ్డం వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. అంత బాగా నేను ఎప్పుడు పాడానో నాకు గుర్తులేదు. నడుము దానంతట అదే వంగింది. చేతులు గాలిలో ఏరుతూనే ఉన్నాయి. చిలక చరణాన్ని గబగబా దాటించి, నా చరణం మాత్రం రెండుసార్లు పాడాను. ఎవరు లెక్క పెడతారు?

పచ్చది నొక్కాను. ఒక చక్రం తిరిగింది, తిరిగింది. ఎర్రటి అక్షరాలు వచ్చాయి. నాకు ఆ అక్షరాలు చదవడం రాదు. మళ్ళీ నొక్కాను. ఇంకేదో నొక్కాను. పేజీ తెల్లగా అయిపోయింది, ఎర్ర గుండ్రం మొదటిలాగా కొత్తగా వచ్చి కూర్చుంది.

నువ్వు దిగి వచ్చేసరికి నేను తెర ముందు అట్లాగే ఉన్నాను.

"ఏమైంది జేజీ?"

"పాడినా. పోలేదు."

నువ్వు వంగి చూశావు. ఆ రెండు ఎర్ర చుక్కలు చూశావు. నీ మొహంలో నవ్వు మొత్తం దిగిపోయింది.

"అయ్యో జేజీ. రెండు పొయ్యిలు ఆర్పి అట్లే పోతి కదా నేను. కొత్తది పెట్టాలంటే మూడు వెలగాల."

"ఆమె పాట వస్తాంది కదా!"

"వినేదానికి రెండు చాలు. పెట్టేదానికి చాలవు."

"అంటే లోపల ఉండేటోళ్ళకు ఏమీ కాదు. బయట నిలబడినోళ్ళకే తలుపు మూస్తారు. అంతేనా?"

నువ్వు కుర్చీ దగ్గరికి లాక్కొని ఆ పేజీ అంతా వెతికావు.

"నేను పాడింది యాడ పోయింది?"

"ఆ పేజీలోనే ఉన్నింటాది. పేజీ మళ్ళీ తెరుచుకుంది కదా, పోయింది. నేను దాన్ని సరిగా చెయ్యలేదు జేజీ. పెట్టెలోకి పోకపోతే దాచి పెట్టుకునేటట్టు చెయ్యాల్సింది. నాదే తప్పు."

గబగబా రెండు పొయ్యిలూ వెలిగించావు. చుక్కలు పచ్చబడ్డాయి. "ఇప్పుడు పాడు జేజీ, నీ కాళ్ళు పట్టుకుంటా" అన్నావు. నోరు తెరిచాను. రాలేదు. గడ్డ వల్ల కాదు. ఒకసారి ఏరిన సాలులో మళ్ళీ పత్తి ఉంటుందా? మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆమె పాటను ఆర్పుదామని నొక్కిన వేలితోనే నా పాటకు తలుపు మూసుకున్నానని నాకు అర్థం కాకపోలేదు. అర్థమయ్యే కొద్దీ ఆమె మీద ఇంకా మండింది. ఆత్మకూరులో ఏ పాపమూ తెలియకుండా కూర్చొని ఉంటుంది చూడు, అందుకు.

ఆదివారం పొద్దెక్కాక వాకిట్లో ఆటో ఆగింది. చూస్తే యారాలు. ఆపరేషనుకు ముందు నన్ను చూసిపోదామని వచ్చానంది. నువ్వు ఫోను చేసి పిలిచావని నాకు తర్వాత తెలిసింది. మనిషి చిక్కింది, చెవుల దుద్దులు వేలాడుతున్నాయి. గొంతు మాత్రం వాకిట్లోంచే వినపడింది.

"ఎట్లుండావక్కా? కోతకు పోయే మేక మాదిరి ఆడ కూసుంటివే!"

"ఉండాలే. నీ జ్వరం తగ్గిందా?"

"తగ్గింది. పాప వచ్చి పాటలు పాడిచ్చె, దెబ్బకు తగ్గిపాయె."

"పాడితివి, పాడితివి. విన్నాంలే. ఆకు ఎవరిచ్చిరి?"

యారాలు వచ్చి మంచం మీద, నా కాళ్ళ దగ్గర కూర్చుంది.

"అదా నీ కోపం! ఎవరిస్తారక్కా నాకు ఆకు? అత్త ఉన్నప్పుడే ఇయ్యలేదు."

"నీ చరణం పాడుకుంటివి, నా చరణం మింగేస్తివి."

"మింగేదానికి నాకు వస్తే కదా! ముందు వరస ఎప్పుడన్నా నేను ఎత్తితినా? నువ్వు ఎత్తేదానివి, మేం వెనక అనేటోళ్ళం. నీ చరణంలో ఎనక వరస ఒక్కటే వస్తాది నాకు. కాకి వచ్చి ఎతికినా గాని దూది పోగు లేదే. దాని ముందర ఏముండాదో ఎంత తన్నుకున్నా గుర్తు రాలే. సగం పాడితే నువ్వు తిడతావని ఇడిసిపెట్టినా."

"నీ చరణం ముందు వరస ఎట్ల వచ్చె మరి?"

"తిట్టిన తిట్టు ఎవరన్నా మర్చిపోతారా?"

"తిట్టేంది? నీకు చిలకను పెట్టింది కదా అత్త!"

యారాలు నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అక్కా! చిలక చెప్పే కబుర్లు వింటా చెయ్యి ఆపేసిందంట. పని దొంగ అని కాదా? చేను చేనంతా నవ్వేది. నీకు దువ్విన తల, నాకు కబుర్లు. ఆ పాట వచ్చినప్పుడల్లా తల వంచుకొని ఏరేదాన్ని. ఎన్ని ఏండ్లు కుళ్ళుకున్నానో నీ మీద, నీకేం తెలుసు."

ఇన్నేళ్ళూ ఆమె చిలకను చూసి నేను ఏడ్చాను. ఆమె నా కాకిని చూసి ఏడ్చింది. చెబితే ఎక్కడ గెలిచినట్టు అనుకుంటుందోనని చెప్పలేదు. కానీ లోపల ఎక్కడో కొంచెం చల్లగా అనిపించింది. నన్ను చూసి కూడా ఒకరు కుళ్ళుకున్నారంటే అది చిన్న సంగతా?

నువ్వు గుమ్మంలో నిలబడి ఫోను పట్టుకొని చూస్తున్నావు. యారాలు నీ వైపు తిరిగింది.

"ఆకియ్యి పాపా. ఆకియ్యకుండా మీ జేజి నోరు తెరవదు. తెరిచినా పాట రాదు, తిట్లు వస్తాయి."

"ఆకేంది చిన్నజేజీ?" అన్నావు. ఆమె తన సంచిలోంచి ఒక ఆకు, వక్క తీసి నీ చేతికి ఇచ్చింది. ఎట్లా ఇవ్వాలో, ఏమనాలో చెప్పింది. నువ్వు నా ముందు నిలబడి, రెండు చేతులతో పట్టుకొని, "ఎత్తుకో జేజీ" అన్నావు. నీ గొంతు వణికింది. ఆ వణుకు చూసి నేను పాడాను, అది వేరే ఎవరికీ చెప్పకు. చెప్పకేముంది, రాసేస్తున్నావుగా.

నువ్వు ఆకు చించకుండా మొత్తం ఇచ్చావు. అత్త ఎప్పుడూ సగమే ఇచ్చేది. మిగతా సగం ఏం చేయాలో తోచక చించి యారాలి చేతిలో పెట్టాను. ప్రేమ అనుకునేరు. ఊరికే పెడితే వాడిపోతుంది కదా.

"పొయ్యిలు చూడు ముందు" అన్నాను.

"నాలుగూ ఎలుగుతాండాయి జేజీ."

"ఇంకోసారి చూడు."

చూశావు. ఈసారి ముందు ఫోనులో పట్టుకొని, తర్వాతే పెట్టెలో పెడతానన్నావు. ఎత్తుకున్నాను. శనివారం వచ్చినంత బాగా రాలేదు, అది నాకు తెలుసు. రెండో చరణంలో దగ్గు వచ్చింది. కానీ నేను ఒక వరస ఎత్తి ఊపిరి తీసుకునే లోపల వెనక నుంచి ఆమె అందుకునేది. ఒంటరిగా పాడినప్పుడు ఆ ఊపిరికి చోటు ఉండలేదు. చిలక చరణం ఈసారి దాటించలేదు, నిదానంగా, ఒక్కో మాటా వినపడేట్టు పాడాను. ఆమె నన్ను గుర్రుగా చూస్తూనే వెనక వరస అందుకుంది. నా చరణం ఒక్కసారే పాడాను. ఆమె ముందు రెండుసార్లు పాడితే పరువేముంది?

నువ్వు నొక్కావు. చక్రం తిరిగింది. పచ్చగా వచ్చింది.

సాయంత్రం మీ నాన్న, మీ అమ్మ నా గదిలోనే కూర్చొని విన్నారు. మీ అమ్మ కళ్ళు తుడుచుకుంది. మీ నాన్న చివరి దాకా విని ఏమన్నాడో నీకు గుర్తుందా? "ఆ ఎనక గొంతు ఎవరిదమ్మా? తేనె పోసినట్టుంది" అన్నాడు. కన్న కొడుకు! రేపు నా మెడ కోస్తారని తెలిసిన కొడుకు! యారాలు తల వంచుకొని కూర్చుంది, కానీ పెదవి చివర నవ్వు నేను చూడకపోలేదు.

ఆపరేషను బాగానే జరిగింది. గొంతు నువ్వు వింటూనే ఉన్నావు, ఎండిన కొబ్బరి మట్టను నేల మీద ఈడ్చినట్టు ఉంది. మెల్లగా బాగవుతుందని డాక్టరమ్మ అంటోంది. బాగవుతుందో లేదో. ఇప్పుడు నా పాత గొంతు కావాలంటే ఆ పెట్టె దగ్గరికే పోవాలి. ఫ్యాను దాని వైపే ఉండనిచ్చాను. అప్పుడప్పుడు నిన్ను పిలిచి ఒక పొయ్యి ఆర్పిస్తాను, నా పాట వస్తోందా లేదా చూద్దామని. వస్తోంది. ఇంకొకటి ఆర్పిస్తాను. అప్పుడూ వస్తోంది. నా గొంతు వెంటే ఆమె గొంతు. ఎన్నిసార్లు చూసినా నాది ఒక్కటే విడిగా రావడం లేదు. అది మాత్రం నాకు ఇప్పటికీ నచ్చలేదు. రాశావా?

నిన్న యారాలు ఫోను చేసింది.

"అక్కా, ఆ పెట్టెలోది శానా కాలం ఉంటాదంట కదా. రేపు మా మనవళ్ళు వింటారు. పాపకు చెప్పి నా చిలక చరణం తీసేయమను. నువ్వు దాన్ని ఆడ కావాలనే సాగదీసి పాడితివి."

"తీసేదానికి రాదమ్మే. ముక్కలు ముక్కలుగా నాలుగు చోట్ల ఉండాది. రెండు ఆర్పినా పోదు."

"మూడు ఆర్పితే?"

"మూడు ఆర్పితే నాదీ పోతాది" అన్నాను. "చిలకను ఉండనీలే. దానికీ ఒక సాలు కావాల కదా."